కొత్త ఫ్యాన్లు తర్వాత, ముందు ఉన్నవాటి గోల సంగతి చూద్దాం

ప్రశ్న: నేను ఇంటి నుంచే కంప్యూటర్ మీద పని చేస్తాను, ఎక్కువగా రాత్రిపూట. అదే గదిలో మా పాప పడుకుంటుంది. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడు వచ్చే హోరు ఒక మోస్తరుగానే ఉంటుంది, దానికి అలవాటు పడ్డాను. కానీ బ్రౌజర్ తెరిచినా, చిన్న ఫైల్ ఓపెన్ చేసినా ఫ్యాన్ ఒక్కసారిగా రయ్యిమని లేస్తుంది. రెండు మూడు సెకన్లలో తగ్గిపోతుంది, అంతలోనే మళ్లీ లేస్తుంది. కేసులో ముందు రెండు ఫ్యాన్లు, వెనక ఒకటి ఉన్నాయి. ప్రాసెసర్‌తో పాటు డబ్బాలో వచ్చిన చిన్న కూలరే వాడుతున్నాను. గ్రాఫిక్స్ కార్డు మధ్యరకం. ఉన్నవన్నీ పీకేసి 'సైలెంట్' ఫ్యాన్లు ఆరు పెట్టించుకోమని తెలిసినవాళ్లు అంటున్నారు. ఏవి కొనాలి? 3 పిన్, 4 పిన్ తేడా ఏమిటి? ఫ్యాన్ వేగం తగ్గిస్తే ప్రాసెసర్ కాలిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్.

సమాధానం: ఆ ఆరు ఫ్యాన్లూ ఇప్పుడే కొనకండి. కొని బిగించినా మీరు చెప్పిన ఆ 'రయ్యి' అలాగే ఉంటుంది, ఎందుకంటే అది ఫ్యాన్ నాణ్యత వల్ల వస్తున్నది కాదు. ఫ్యాన్‌కి ఎప్పుడు ఎంత తిరగాలో చెప్పే మదర్‌బోర్డు తొందరపాటు వల్ల వస్తున్నది. దాన్ని సరిచేయడానికి పైసా ఖర్చు లేదు.

మీ ఉత్తరంలో అసలు విషయం మీరే రాశారు. మామూలు హోరుకి అలవాటు పడ్డారు, లేచి పడే చప్పుడుకే ఇబ్బంది పడుతున్నారు. చెవి తీరే అంత. తలమీద సీలింగ్ ఫ్యాన్ రాత్రంతా తిరుగుతున్నా హాయిగా నిద్రపోతాం, కరెంటు పోయి అది ఆగితే మెలకువ వస్తుంది. అందుకని కంప్యూటర్ విషయంలో మనకు కావలసినవి రెండు: తక్కువ వేగం, నిలకడైన వేగం. నన్నడిగితే రెండోదానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఫ్యాన్ అలా ఎందుకు లేస్తుందో చూడండి. మీరు బ్రౌజర్ మీద క్లిక్ చేయగానే ప్రాసెసర్ తనలోని ఒకటి రెండు కోర్లను, అంటే లెక్కలు చేసే భాగాలను, క్షణకాలం గరిష్ఠ వేగానికి తీసుకెళ్తుంది. ఆ కోర్ గోటి మీద మచ్చంత కూడా ఉండదు. అంత చిన్న చోట వేడి పుడితే అక్కడి సెన్సర్ 45 డిగ్రీల నుంచి 65కి ఎగబాకడానికి సెకను కూడా పట్టదు. కానీ పైన కూర్చున్న అల్యూమినియం కూలర్‌కి ఆ వేడి ఇంకా చేరనే లేదు. చల్లగా ఉన్న లోహం మీద గాలి ఎంత వేగంగా కొట్టినా లాభం ఏముంది? అయినా మదర్‌బోర్డు సెన్సర్ అంకె చూసి కంగారుపడి ఫ్యాన్‌ని పరుగెత్తిస్తుంది. పని అయిపోగానే అంకె పడిపోతుంది, ఫ్యాన్ కూడా పడిపోతుంది. మీరు రాత్రంతా వింటున్నది ఈ కంగారునే.

దీనికి మందు బయోస్‌లో, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగుల తెరలో ఉంది. కంప్యూటర్ ఆన్ చేస్తూనే డిలీట్ కీ గానీ, కొన్ని బోర్డుల్లో ఎఫ్2 గానీ నొక్కుతూ ఉంటే ఆ తెర వస్తుంది. ఫ్యాన్ సెట్టింగుల పేజీని ఏసస్ వాళ్లు క్యూ-ఫ్యాన్ అంటారు, గిగాబైట్ వాళ్లు స్మార్ట్ ఫ్యాన్ అంటారు, ఏఎస్‌రాక్ వాళ్లు ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్ అంటారు, ఎంఎస్‌ఐలో అది హార్డ్‌వేర్ మానిటర్ కింద ఉంటుంది. పేరేదైనా లోపల ఉండేది ఒక గీత. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా ఫ్యాన్ వేగం, మధ్యలో జరపడానికి నాలుగైదు చుక్కలు. దీన్నే ఫ్యాన్ కర్వ్ అంటారు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే కర్వ్ సాధారణంగా 40 డిగ్రీల దగ్గరే పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. మీ బాధంతా అక్కడే.

ప్రాసెసర్ ఫ్యాన్‌కి మొదటి చుక్కను 35 శాతం దగ్గర పెట్టి, 60 డిగ్రీల దాకా గీతను అడ్డంగా పడుకోబెట్టండి. అక్కడి నుంచి మెల్లగా ఎక్కించి 75 డిగ్రీలకు 60 శాతం, 85కి వచ్చేసరికి నూటికి నూరు చేయండి. కేసు ఫ్యాన్లకు ఇంకాస్త చదునైన గీత చాలు. మొదటి వారం ఈ అంకెలతో నడిపి చూసి, మీ మెషీన్‌ని బట్టి అటూ ఇటూ జరుపుకోండి. మీ చిన్న కూలర్ 60 డిగ్రీలు చీటికీ మాటికీ దాటుతుంటే, చదునుగా ఉన్న భాగాన్ని 65 దాకా పొడిగించుకున్నా ఏమీ కాదు.

అదే పేజీలో చాలామంది ముట్టుకోని ఇంకో సెట్టింగ్ ఉంటుంది. స్టెప్ అప్ టైమ్, స్టెప్ డౌన్ టైమ్ అని గానీ, స్మూతింగ్ అని గానీ, ఇంటర్వెల్ అని గానీ రాసి ఉంటుంది. ఉష్ణోగ్రత పెరిగాక ఎంతసేపు ఆగి ఫ్యాన్ వేగం పెంచాలి, తగ్గాక ఎంతసేపు ఆగి తగ్గించాలి అన్నది ఇదే నిర్ణయిస్తుంది. పెరగడానికి నాలుగైదు సెకన్లు, తగ్గడానికి అంతకంటే ఎక్కువ, మీ బోర్డు ఒప్పుకున్నంత ఇవ్వండి. రెండు సెకన్ల వేడి ఇక ఫ్యాన్ దాకా రాదు. నిజంగా పెద్ద పని నడుస్తుంటే మాత్రం ఫ్యాన్ మెల్లగా లేచి ఆ వేగంలోనే నిలబడుతుంది.

ఇక మీ టెన్షన్ సంగతి. ఇప్పటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు మోడల్‌ని బట్టి సుమారు 90 నుంచి 100 డిగ్రీల దగ్గర ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దు తగలగానే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అప్పటికీ వేడి ఆగకపోతే మెషీన్ ఆఫ్ అవుతుంది. ఫ్యాన్ నెమ్మదిగా తిరిగితే ముందు పోయేది పని వేగం, ప్రాసెసర్ కాదు. ఖాళీగా ఉన్నప్పుడు 40కి బదులు 48 చూపిస్తే కంగారు పడకండి. గట్టి పనిలో అరగంట నడిపి, 80 చిల్లరలో ఆగితే నిశ్చింతగా ఉండండి. 90 దాటి అక్కడే కూర్చుంటేనే కర్వ్‌ని కాస్త పైకి జరపాలి, లేదా కూలర్ మార్చాలి.

వేగం తగ్గిస్తే చప్పుడు ఎంత తగ్గుతుందో లెక్క తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. ఒక ఫ్యాన్ తోలే గాలి దాని వేగంతో సమానంగా తగ్గుతుంది, చప్పుడు మాత్రం అంతకంటే చాలా త్వరగా పడిపోతుంది. ఫ్యాన్లు తయారుచేసేవాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం వేగం సగం చేస్తే చప్పుడు సుమారు 15 డెసిబెల్స్ తగ్గుతుంది. పది డెసిబెల్స్ తగ్గితేనే చెవికి దాదాపు సగమైనట్టు ఉంటుంది. నిమిషానికి 1,500 చుట్లు తిరిగే ఫ్యాన్‌ని 1,000కి దించితే గాలిలో మూడోవంతు పోతుంది, చప్పుడులో 9 డెసిబెల్స్ దాకా పోతుంది. ఇంకో పక్క, ఒకే రకం ఫ్యాన్‌కి తోడుగా అలాంటిదే ఇంకొకటి చేరిస్తే పెరిగేది 3 డెసిబెల్సే. అంటే ఒక ఫ్యాన్ వేగంగా తోలే గాలిని రెండు ఫ్యాన్లు సగం వేగంతో తోలితే, మొత్తం మీద 12 డెసిబెల్స్ లాభం. పెద్ద ఫ్యాన్లు, నెమ్మది వేగం అని అందరూ అనడం వెనక ఉన్న లెక్క ఇదే. అలాగని ఆరు పెట్టమని కాదు. మధ్యరకం గ్రాఫిక్స్ కార్డున్న మెషీన్‌కి ముందు రెండు, వెనక ఒకటి బాగానే సరిపోతాయి. ఆ పైన చేర్చే ప్రతి ఫ్యాన్ ఇచ్చే చల్లదనం తగ్గుతూ పోతుంది, వైర్ల గందరగోళం మాత్రం పెరుగుతూ పోతుంది.

పిన్నుల గురించి అడిగారు. 3 పిన్ ఫ్యాన్‌లో ఒక వైరు గ్రౌండ్, ఒకటి 12 వోల్టులు, మూడోది ఫ్యాన్ ఎంత వేగంగా తిరుగుతోందో బోర్డుకి చెప్పేది. దీని వేగం తగ్గించాలంటే వోల్టేజీయే తగ్గించాలి. మరీ తగ్గిస్తే మోటారు ఆగిపోతుంది, మళ్లీ కదలడానికి మొరాయిస్తుంది. 4 పిన్ ఫ్యాన్‌కి 12 వోల్టులూ ఎప్పుడూ అందుతూనే ఉంటాయి, నాలుగో వైరు మీద సెకనుకు సుమారు 25 వేల సార్లు ఆన్-ఆఫ్ సంకేతం వస్తుంది. అందులో ఆన్ భాగం ఎంతుంటే ఫ్యాన్ ఆ మేరకు తిరుగుతుంది. పీడబ్ల్యూఎం అంటే ఇదే. 25 వేలు అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు, మనిషి చెవికి వినపడే హద్దు 20 వేల పైన ఉండాలని పెట్టింది. కొత్తవి కొంటే 4 పిన్‌వే కొనండి, మరీ తక్కువ వేగంలో కూడా బుద్ధిగా తిరుగుతాయి.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది, మీ మెషీన్‌లో కూడా ఇదే జరుగుతుండవచ్చు. 3 పిన్ ఫ్యాన్‌ని బోర్డు మీద 4 పిన్ సాకెట్‌కి తగిలించవచ్చు, సరిగ్గానే కూర్చుంటుంది. కానీ బయోస్‌లో ఆ సాకెట్ పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉంటే, సంకేతం వినడానికి ఆ ఫ్యాన్‌కి నాలుగో వైరే లేదు. అది రాత్రీ పగలూ ఫుల్ స్పీడ్‌లో తిరుగుతుంది. దాన్ని డీసీ మోడ్‌కి, అంటే వోల్టేజీతో వేగం మార్చే పద్ధతికి మార్చగానే దారికి వస్తుంది. కేసుతో పాటు వచ్చే ఫ్యాన్లు చాలావరకు 3 పిన్‌వే. పక్క తలుపు తీసి ఒకసారి వైర్లు లెక్కపెట్టి చూడండి. మీరు 'ఒక మోస్తరు హోరు' అన్నది కూడా దీనితో తగ్గిపోవచ్చు. ఫ్యాన్లు బోర్డుకి కాకుండా నేరుగా పవర్ సప్లై వైరుకి తగిలించి ఉంటే మాత్రం వాటి మీద బోర్డుకి అదుపే ఉండదు. వాటిని విప్పి బోర్డు సాకెట్‌కి మార్చండి. సాకెట్లు చాలకపోతే ఒకే సాకెట్‌ని రెండు మూడు ఫ్యాన్లకు పంచే స్ప్లిటర్ వైరు వాడవచ్చు. మామూలుగా ఒక సాకెట్ 1 ఆంపియర్ దాకా ఇస్తుంది, ఫ్యాన్ స్టిక్కర్ మీద ఉన్న ఆంపియర్లు కూడుకుని చూసుకోండి.

రంగు లైట్ల ఫ్యాన్లు కొనాలనిపిస్తే లైట్ల వైరు వేరుగా వస్తుందని గుర్తుంచుకోండి. 5 వోల్టుల లైట్లను 12 వోల్టుల సాకెట్‌కి బలవంతంగా తగిలిస్తే అవి కాలిపోతాయి. రాత్రి పాప పడుకునే గదిలో ఆ లైట్ల అవసరం ఏముందో నాకైతే అర్థం కాదు, అది వేరే విషయం.

కర్వ్ సరిచేశాక కూడా ఏదో ఒక రొద మిగిలితే, అది ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవాలి. తిరిగే ఫ్యాన్‌లో వేలు పెట్టకండి. బయోస్‌లోనే ఒక్కో కేసు ఫ్యాన్ వేగాన్ని 5 శాతం చొప్పున 30 నుంచి పైకి జరుపుతూ వినండి. గది తలుపు మూసి, మీరు రోజూ కూర్చునే చోటే కూర్చుని వినాలి. కేసుకి చెవి ఆనించి వింటే ప్రతిదీ రాక్షసిలా వినిపిస్తుంది. కొన్ని ఫ్యాన్లు ఫలానా వేగం దగ్గర మాత్రమే 'ఊం' అని మూలుగుతాయి, కాస్త అటూ ఇటూ జరిపితే ఊరుకుంటాయి. ఆ వేగం రాసిపెట్టుకుని, కర్వ్ అక్కడ నిలబడకుండా చేయండి.

ఇంకో వింత చప్పుడు ఉంటుంది: నిలకడగా ఉండకుండా 'వూం... వూం... వూం...' అని అలల్లా పెరుగుతూ తగ్గుతూ వచ్చేది. అది రెండు ఫ్యాన్లు దాదాపు ఒకే వేగంలో తిరగడం వల్ల వస్తుంది. తొమ్మిది రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1,000 చుట్లు తిరిగితే రెక్కలు సెకనుకు 150 సార్లు గాలిని కోస్తాయి. పక్కది 1,020 చుట్లు తిరిగితే 153 సార్లు. ఆ 3 తేడాయే సెకనుకు మూడు అలలుగా వినిపిస్తుంది. రెండు ఫ్యాన్లూ బాగానే ఉన్నాయి కాబట్టి ఏది మార్చినా ప్రయోజనం లేదు. ఒకదాని వేగాన్ని వందా నూటయాభై చుట్లు తగ్గించండి, అలలు మాయమవుతాయి.

ఫ్యాన్ ఎదుట ఏముందో కూడా చూడండి. రెక్కలకు ఆనుకుని జల్లెడలాంటి రేకు గానీ, దుమ్ముతో పూడుకుపోయిన వల గానీ ఉంటే, ముఖ్యంగా గాలి లోపలికి పీల్చే వైపు ఉంటే, ఎంత మంచి ఫ్యానైనా చప్పుడు చేస్తుంది. కేసు ముందు ప్యానెల్ లాగి తీసి వినండి. శబ్దం ఒక్కసారిగా మారిపోయి, ఉష్ణోగ్రత కూడా నాలుగైదు డిగ్రీలు పడిపోతే దోషం ఫ్యాన్‌ది కాదు, ఆ ప్యానెల్‌ది. వలను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూస్తే అవతలి వైపు కనపడాలి. కనపడకపోతే కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. ఫ్యాన్ల మీది దుమ్మును గాలితో ఊదేటప్పుడు రెక్కను వేలితో కదలకుండా పట్టుకోండి. అది ఇష్టం వచ్చినట్టు తిరిగితే బేరింగ్ పాడవుతుంది, బోర్డులోకి కరెంటు కూడా వెనక్కి రావచ్చు. ఈ పనంతా మెయిన్ స్విచ్ ఆపేశాకే చేయాలి. కరకరమనే శబ్దం వస్తుంటే బేరింగ్ అరిగినట్టే, దానికి మరమ్మతు లేదు, ఫ్యాన్ మార్చేయండి.

ఇవన్నీ చేశాక డబ్బు ఖర్చు పెట్టాలనుంటే, మొదటి రూపాయి కేసు ఫ్యాన్లకు కాదు, ప్రాసెసర్ కూలర్‌కి పెట్టండి. డబ్బాలో వచ్చే కూలర్ మీది ఫ్యాన్ చిన్నది. పని పడితే నిమిషానికి 2,000 చుట్లు దాటక తప్పదు. 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఉన్న టవర్ కూలర్ (బోర్డు మీద గోపురంలా ఎత్తుగా నిలబడేది) పెడితే అదే పనిని వెయ్యి చుట్ల లోపే చేసుకుపోతుంది. కొనేముందు దాని ఎత్తు మీ కేసులో పడుతుందో లేదో చూసుకోండి. చాలా టవర్లు 150 నుంచి 160 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటాయి, కేసు వివరాల్లో ఎంత ఎత్తు పడుతుందో రాసి ఉంటుంది.

కేసు ఫ్యాన్లు కూడా మార్చాలనుకుంటే, కేసుకి రంధ్రాలుంటే 140 మిల్లీమీటర్లవి, లేకపోతే 120వి తీసుకోండి. నాక్టువా, బీ క్వైట్, ఆర్కిటిక్, ఈ మూడింటిలో దేన్ని కొన్నా మోసపోరు. నాక్టువా, బీ క్వైట్ ఖరీదు ఎక్కువ, ఆర్కిటిక్ తక్కువ. వెయ్యి చుట్ల లోపు నడిపేటప్పుడు వాటి మధ్య తేడా ధరలో ఉన్నంత చెవికి ఉండదని నా అభిప్రాయం. డబ్బా మీద రాసిన డెసిబెల్స్ చూసి ఒక కంపెనీని ఇంకో కంపెనీతో పోల్చకండి, ఎవరు కొలిచే తీరు వాళ్లది. దానికి బదులు ఫ్యాన్ కనీస వేగం ఎంతో చూడండి. 300 నుంచి 500 చుట్ల దాకా దిగగలిగేది మనకు మంచిది. బేరింగ్ దగ్గర ఫ్లూయిడ్ డైనమిక్ అని రాసి ఉంటే సరే. చవక స్లీవ్ బేరింగ్‌వి పడుకోబెట్టి బిగిస్తే త్వరగా అరుగుతాయి, కేసు పైకప్పుకి అవి వద్దు. బిగించేటప్పుడు ఫ్రేమ్ మధ్యకి అడ్డంగా నాలుగు పుల్లలు ఉన్న వైపు నుంచే గాలి బయటికి వస్తుందని గుర్తుంచుకుంటే తిరగేసి పెట్టే ప్రమాదం ఉండదు.

గ్రాఫిక్స్ కార్డు గురించి మీరు అడగలేదు గానీ, రాత్రిపూట దాని పనులు కూడా చేస్తే ఒక సంగతి తెలియాలి. చాలా బోర్డులు బయోస్‌లో కేసు ఫ్యాన్లను ప్రాసెసర్ ఉష్ణోగ్రతను బట్టే నడుపుతాయి. కార్డు కుతకుతలాడుతున్నా వాటికి తెలియదు. అప్పుడు కార్డు తన చిన్న ఫ్యాన్లతో ఒంటరిగా పోరాడుతుంది, ఆ చప్పుడే ఎక్కువ. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. అందులో ప్రాసెసర్, కార్డు, రెండింట్లో ఏది వేడిగా ఉంటే దాన్ని బట్టి కేసు ఫ్యాన్లు తిరిగేలా పెట్టుకోవచ్చు. లినక్స్‌లో ఎల్ఎం-సెన్సర్స్‌తో పాటు వచ్చే ఫ్యాన్‌కంట్రోల్ స్క్రిప్ట్‌తో ఒక్కో ఫ్యాన్‌ని ఒక సెన్సర్ ఉష్ణోగ్రతను బట్టి నడిపించవచ్చు. ప్రోగ్రామ్ ఆగిపోయిన రోజు కూడా మెషీన్ భద్రంగా ఉండాలి కాబట్టి, బయోస్‌లో మీరు పెట్టిన కర్వ్‌ని మాత్రం అలాగే ఉంచండి. కార్డు పవర్ లిమిట్‌ని, అంటే అది వాడుకోగల కరెంటు హద్దును, 80 శాతానికి తగ్గించి చూడండి, పనిలో పెద్ద తేడా లేకుండానే వేడి బాగా తగ్గుతుంది. పుట్టని వేడిని తోలడానికి ఫ్యాన్ అక్కర్లేదు కదా.

పవర్ సప్లై నుంచి ఫ్యాన్ చప్పుడు వస్తుంటే దాన్ని మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు నిలిచి ఉంటుంది. దాని గాలి దారిలో దుమ్ము లేకుండా చూసుకోండి, అప్పటికీ తగ్గకపోతే మొత్తం యూనిట్ మార్చుకోండి. ఫ్యాన్లన్నీ నెమ్మదించాక సన్నగా 'కీ...' అని ఒక ఈల వినపడితే అది ఫ్యాన్ కాదు, కార్డులోనో పవర్ సప్లైలోనో ఉండే కాయిల్స్ కంపించడం. ఇన్నాళ్లూ హోరులో కలిసిపోయి ఉంటుంది. దానివల్ల హాని లేదు. గేమ్ గానీ వీడియో ప్రివ్యూ గానీ నడుస్తున్నప్పుడే వస్తుంటే ఫ్రేమ్ రేటుకు, అంటే సెకనుకు తెర మీద మారే బొమ్మల సంఖ్యకు, 60 అని హద్దు పెట్టి చూడండి, చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది.